ఆకుమేత: ఆవు కడుపులోని అదృశ్య సేద్యం

ఒకే చెట్టు ఆకు ఒకచోట పశువుకు పుష్టి, మరొకచోట విషం. ఈ చిక్కుముడిని విప్పబోయిన శాస్త్రజ్ఞులకు సమాధానం చెట్టులో దొరకలేదు; మేక కడుపులో దొరికింది.

పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న హవాయి దీవులలో మేకలు ఏళ్ల తరబడి ఒక చెట్టు ఆకును కడుపునిండా మేసేవి. వాటికి ఏ జబ్బూ రాలేదు. అదే ఆకును ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో అదే పనిగా మేసిన పశువులకు మాత్రం వెంట్రుకలు రాలిపోయేవి; నోటి వెంట చొంగ కారేది; మెడలోని థైరాయిడ్ గ్రంథి ఉబ్బేది. మేత సమృద్ధిగా ఉన్నా అవి బరువు పెరిగేవి కావు. వాటికి పుట్టిన దూడలు కొన్ని బలహీనంగా ఉండేవి.

చెట్టు ఒకటే. ఆకులోని విషపదార్థమూ ఒకటే. మరి హవాయి మేకకు లేని బాధ ఆస్ట్రేలియా ఆవుకు ఎందుకు? 1970ల చివరి సంవత్సరాలలో ఈ ప్రశ్నను పట్టుకొన్నవారు ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ.లో పచ్చికబయళ్ల నిపుణుడైన రేమండ్ జోన్స్. తేడా మేతలో గాని, మేసే జంతువు రక్తంలో గాని లేదనీ, దాని పొట్టలో నివసించే సూక్ష్మజీవులలో ఉండవచ్చుననీ ఆయన ఊహించారు. ఆ ఊహ వెంట సాగిన పరిశోధన, చెట్టు ఆకును పశువు మేతగా చూసే పద్ధతినే మార్చివేసింది.

ఆ చెట్టు మనకు కొత్తది కాదు. దాని శాస్త్రీయ నామం ల్యూసీనా ల్యూకోసెఫాలా. భారతదేశంలో దానిని సుబాబుల్ అంటారు.

కడుపులో కుడితి గోలెం

ఆవు, గేదె, మేక, గొర్రె నెమరువేసే జంతువులు. వీటి కడుపు నాలుగు గదులుగా ఉంటుంది. అందులో మొదటిది, అన్నిటికంటె పెద్దది రూమెన్. పెద్ద ఆవులో ఈ ఒక్క గదిలోనే నూరు లీటర్లకు పైగా పడుతుంది. పెరటిలో కుడితి గోలెం ఎట్లు రాత్రికి రాత్రి పులుస్తుందో, ఈ గదిలో మేత అట్లే రేయింబవళ్లు పులుస్తూ ఉంటుంది. వేడి సుమారు 39 డిగ్రీల సెల్సియస్. గాలి దాదాపు లేదు. లాలాజలం ఎడతెగక దిగుతూ పులుపు మితిమీరకుండా కాపాడుతుంది.

ఈ గోలెంలో పనిచేసే కూలీలు సూక్ష్మజీవులు. ఒక్క మిల్లీలీటరు ద్రవంలో బాక్టీరియా సుమారు వెయ్యి కోట్లు ఉంటవి. ప్రోటోజోవా అనే ఏకకణ జీవులు లక్షల సంఖ్యలో ఉంటవి. వీటికి తోడు గడ్డి పీచులోనికి వేళ్లూనే శిలీంధ్రాలు ఉన్నవి. ఆవుకు స్వయంగా గడ్డిని జీర్ణం చేసుకొనే శక్తి లేదు. గడ్డిలోని పీచును విరగగొట్టేది ఈ పరివారమే. అట్లు విరిగినప్పుడు ఎసిటిక్, ప్రొపియానిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు పుడతవి. పశువు గడించే శక్తిలో సుమారు 70 శాతం ఈ ఆమ్లాల వలననే లభిస్తుంది. పని ముగించిన సూక్ష్మజీవులు మేతతో పాటు తరువాతి గదులలోనికి జారి, అక్కడ తామే ఆహారమై, ఆవుకు మాంసకృత్తులను అందిస్తవి.

కనుక గోపాలకుడు మేత వేస్తున్నది ఆవుకు మాత్రమే కాదు. ముందుగా ఈ అదృశ్య పరివారానికి. గాలి తగిలితే చనిపోయే ఈ జీవులను ప్రయోగశాలలో పెంచే ఉపాయాన్ని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్ కనిపెట్టారు. 1966లో ఆయన ప్రచురించిన గ్రంథం ఈ శాస్త్రానికి పునాది అయింది. అటు తరువాతనే ఏ మేత ఏ జీవులను పెంచుతుంది, దేనిని అణచుతుంది అన్న ప్రశ్నను నిశితంగా పరిశీలించడం సాధ్యమైంది.

సుబాబుల్ తెచ్చిన ఆశ, భయం

సుబాబుల్ పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. స్పానిష్ నావికుల కాలంలో అది పసిఫిక్ దాటి ఫిలిప్పీన్స్ చేరింది. అక్కడినుండి ఉష్ణమండలం అంతటా వ్యాపించింది. భారతదేశంలో 1970, 1980 దశకాలలో దీనికి గొప్ప ప్రచారం లభించింది. గాంధీజీ ఆదేశంపై 1946లో పూనా సమీపంలోని ఉరుళికాంచన్‌లో స్థిరపడి, అక్కడ బైఫ్ సంస్థను నెలకొల్పిన మణిభాయి దేశాయి, ఈ చెట్టును బీడు భూములకు, పాడి రైతులకు పరిచయం చేసినవారిలో ముఖ్యులు. ప్రజాసేవకు గాను ఆయనకు 1982లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణా, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల రైతులు ఇదే చెట్టును కాగితపు మిల్లుల కలప కోసం విస్తారంగా వేశారు.

మేతగా ఈ ఆకుకు గల ఆకర్షణ సులభంగానే అర్థమవుతుంది. ఎండబెట్టి తూచితే ఇందులో మాంసకృత్తులు 20 శాతానికి పైగా ఉంటవి. వరిగడ్డిలో అవి మూడు, నాలుగు శాతమే. వేసవిలో పచ్చిక మాడిపోయినా లోతుకు దిగిన వేళ్ల బలంతో ఈ చెట్టు పచ్చగా నిలుస్తుంది. నరికినకొద్దీ చిగురిస్తుంది.

భయమంతా ఆ ఆకులోనే ఉన్న మైమోసిన్ అనే పదార్థం వలన వచ్చింది. లేత చిగుళ్లలో ఇది మరీ ఎక్కువ. గుర్రం వంటి నెమరువేయని జంతువు ఈ ఆకు తింటే జూలు, తోక వెంట్రుకలు రాలిపోతవి. నెమరువేసే జంతువులో కథ వేరుగా నడుస్తుంది. రూమెన్‌లోని సూక్ష్మజీవులు మైమోసిన్‌ను విరగగొట్టి డి.హెచ్.పి. అనే మరొక పదార్థంగా మారుస్తవి. ఇంటిదొంగను పట్టి వీధిదొంగకు అప్పగించినట్లు, ఈ డి.హెచ్.పి. థైరాయిడ్ గ్రంథి పనికి అడ్డు తగులుతుంది. 1976లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఈ సంగతిని నిరూపించారు. థైరాయిడ్ మందగించిన పశువు మేత తగ్గిస్తుంది, ఎదుగుదల ఆగిపోతుంది.

కడుపు నుండి కడుపుకు

జోన్స్ హవాయి వెళ్లి అక్కడి మేకలకు ఈ ఆకు మేపి, వాటి మూత్రాన్ని పరీక్షించారు. ఆస్ట్రేలియా మేకల మూత్రంలో దండిగా కనిపించే డి.హెచ్.పి., హవాయి మేకల మూత్రంలో దాదాపు కనిపించలేదు. అంటే విషం శరీరంలోనికి చేరకముందే రూమెన్‌లోనే ఎవరో దానిని భుజిస్తున్నారన్న మాట. 1981లో ఆయన ఈ వాదాన్ని ప్రశ్నరూపంలో ప్రచురించారు.

ప్రశ్నకు రుజువు చూపే మార్గం ఒకటే: హవాయి మేక కడుపులోని పరివారాన్ని ఆస్ట్రేలియా పశువు కడుపులో నాటడం. గాలి సోకని పాత్రలలో పెంచిన ఆ సూక్ష్మజీవుల మిశ్రమాన్ని ఆస్ట్రేలియాకు తెచ్చి, అక్కడి పశువుల రూమెన్‌లోనికి ఎక్కించారు. ఇండోనేషియా మేక పొట్టలోని ద్రవంతోనూ ఇటువంటి ప్రయోగమే జరిగింది. దాని ఫలితాలు 1984లో వెలువడినవి. రెండు ప్రయోగాలలోనూ పశువులు డి.హెచ్.పి.ని విరగగొట్టే శక్తిని సంపాదించినవి. విశేషమేమంటే మందలో కొన్నిటికి ఈ ద్రవాన్ని పట్టితే చాలును. ఒకేచోట మేస్తూ, ఒకే తొట్టిలో నీరు తాగుతూ తక్కిన పశువులు తమంతట తామే ఆ జీవులను గ్రహించినవి.

ఆ పరివారంలో ముఖ్యమైన బాక్టీరియాను అమెరికాలో మిల్టన్ ఆలిసన్, ఆయన సహచరులు వేరుచేసి, 1992లో దానికి సినర్జిస్టిస్ జోన్సియై అని పేరు పెట్టారు. రేమండ్ జోన్స్ పేరు అట్లు ఒక సూక్ష్మజీవితో చిరస్థాయి అయింది. అది ఎంత విలక్షణమైనదో తరువాత తెలిసింది. బాక్టీరియా ప్రపంచంలో ఒక పెద్ద విభాగానికే నేడు దాని పేరు మీదుగా పేరు ఏర్పడింది.

కథ ఇక్కడితో ముగియలేదు. 1990ల నడుమనుండి క్వీన్స్‌లాండ్‌లో ఈ జీవుల మిశ్రమాన్ని తయారుచేసి రైతులకు అందిస్తూ వచ్చారు. అయినా 2000 తరువాత మందలను పరిశీలించినప్పుడు పలు పశువుల మూత్రంలో డి.హెచ్.పి. మళ్లీ కనిపించింది. ఈ బాక్టీరియా తక్కువ సంఖ్యలో అనేక దేశాల పశువులలో సహజంగానే ఉన్నట్లు కూడా తేలింది. అంతేగాక ఇండోనేషియా మొదలైన చోట్ల చాలా పశువులు డి.హెచ్.పి.ని కాలేయంలో మరొక పదార్థంతో జతచేసి, నిరపాయమైన రూపంలో విసర్జిస్తున్నట్లు ఇటీవలి పరిశోధన చూపింది. అనగా, అలవాటుపడిన పశువుకు రక్షణ ఒకటి కాదు, రెండు: ఒకటి కడుపులోని అతిథిది, మరొకటి దేహానిది.

జమ్మి ఆకు నేర్పే పాఠం

తెలుగువారు దసరానాడు పూజించే జమ్మిచెట్టు రాజస్థాన్ ఎడారిలో ఖేజ్రీ అనే పేరుతో రైతుకు ప్రాణాధారం. 1730లో జోధ్‌పూర్ రాజ్యంలో ఈ చెట్లను నరకవచ్చిన సైనికులకు అడ్డుపడి, అమృతాదేవితో పాటు 363 మంది బిష్ణోయీలు ప్రాణాలర్పించిన సంగతి సుప్రసిద్ధం. ఆ త్యాగం వెనుక మతవిశ్వాసం ఉన్నది. ఆ విశ్వాసం వెనుక జీవనానుభవమూ ఉన్నది. వర్షం లేని నెలలలో ఆ సీమలో ఒంటెకు, మేకకు, ఆవుకు దొరికే పచ్చిమేత ఈ చెట్టు ఆకే. చలికాలంలో కొమ్మలు కొట్టి, ఆకు ఎండబెట్టి దాచుకొంటారు. దానిని అక్కడివారు లూంగ్ అంటారు.

అయితే జమ్మి ఆకు వగరు. ఆ వగరుకు కారణం టానిన్లు. పచ్చి అరటికాయను, కరక్కాయను కొరికినప్పుడు నాలుక పిడచకట్టినట్లు అనిపించేది వీటి వలననే. టానిన్లు మాంసకృత్తులను గట్టిగా పట్టుకొంటవి. తోలు పదును పెట్టడానికి తంగేడు చెక్కను వాడేది ఈ గుణం కోసమే.

పశువు కడుపులో ఈ గుణం రెండు అంచుల కత్తి. మామూలుగా మేతలోని మాంసకృత్తులలో చాలా భాగాన్ని రూమెన్‌లోని సూక్ష్మజీవులు అమోనియాగా మార్చివేస్తవి. మిగులు అమోనియా మూత్రంలో వృథాగా పోతుంది. టానిన్ కొద్దిగా ఉంటే అది మాంసకృత్తులను పట్టుకొని రూమెన్ దాటించి, ఆమ్లం ఎక్కువగా ఉన్న నాలుగవ గదిలో విడిచిపెడుతుంది. అక్కడ అవి నేరుగా పశువుకు దక్కుతవి. న్యూజీలాండ్ పరిశోధకులు కొన్ని పైర్లపై చేసిన ప్రయోగాలలో, ఎండు మేతలో రెండు నుండి నాలుగు శాతం వరకు గల టానిన్ గొర్రెలకు మేలు చేసింది. ఐదు శాతం మించినప్పుడు మేత తినడం తగ్గింది. పీచు అరుగుదలా మందగించింది. జమ్మి ఆకులో టానిన్ ఈ హద్దును దాటి ఉంటుంది. కనుకనే దానిలోని మాంసకృత్తులు కాగితంపై కనిపించినంతగా పశువుకు ఒంటబట్టవు.

టానిన్ ఎంత ప్రమాదకరం కాగలదో 1980 దశకంలో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ ప్రాంతం చూసింది. కంచెలు వేసిన వేటభూములలో కుడూ అనే పెద్ద జింకలు వందల కొలది చనిపోయినవి. వాటి పొట్టలలో అరగని ఆకు నిండి ఉన్నది. కంచెల నడుమ వేరే మేత లేక, టానిన్ అధికమైన తుమ్మజాతి ఆకులనే అవి పదే పదే మేసినందున కడుపులోని పులియడమే నిలిచిపోయిందని ప్రిటోరియా విశ్వవిద్యాలయానికి చెందిన వౌటర్ వాన్ హోవెన్ వాదించారు. స్వేచ్ఛగా తిరిగే జింక ఒక చెట్టువద్ద కొద్దిగా మేసి మరొక చెట్టుకు పోతుంది. కంచె ఆ తెలివిని అడ్డగించింది.

మేక ఈ విషయంలో ఆవుకంటె గట్టిది. ఆస్ట్రేలియాలో తుమ్మజాతి ఆకులను మేసే అడవిమేకల రూమెన్ నుండి, టానిన్ నడుమనే పెరగగల ఒక బాక్టీరియాను 1990లలో వేరుచేశారు. ఆకు మేసే జంతువు కడుపులో ఆకుకు తగిన పరివారమే స్థిరపడుతుందనడానికి ఇది మరొక సాక్ష్యం.

ఎండుగడ్డికి పచ్చి తోడు

భారతదేశంలో పశువుల మేత సమస్య ప్రధానంగా ఎండుగడ్డి సమస్య. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవులు, ఎద్దులు కలిసి 19 కోట్లకు పైగా, గేదెలు సుమారు 11 కోట్లు ఉన్నవి. వీటిలో అధికభాగానికి సంవత్సరంలో చాలా నెలలు వరిగడ్డి, జొన్నచొప్ప, గోధుమగడ్డే ఆధారం. గడ్డిలో శక్తి లేకపోలేదు. అది పీచులో బందీగా ఉన్నది. ఆ పీచును విరగగొట్టే సూక్ష్మజీవులు పెరగాలంటే వాటికి నత్రజని కావాలి. మేతలో మాంసకృత్తులు సుమారు ఏడు శాతానికి తగ్గితే అవి ఆకలితో కృశిస్తవి. అప్పుడు గడ్డి కడుపులో ఎక్కువసేపు నిలిచిపోతుంది. కడుపు నిండినట్లుండి పశువు మరికొంత తినదు. నిండు కడుపుతోనే పశువు చిక్కిపోవడానికి కారణం ఇది.

ఇక్కడనే చెట్టు ఆకు ఆదుకొంటుంది. గడ్డితో పాటు కొద్దిపాటి సుబాబుల్, అవిసె, మునగ, గ్లిరిసిడియా వంటి ఆకు వేస్తే సూక్ష్మజీవులకు నత్రజని, ఖనిజాలు అందుతవి. అవి పెరిగినకొద్దీ గడ్డి త్వరగా విరుగుతుంది. కడుపు ఖాళీ అవుతుంది. పశువు మరికొంత గడ్డి తింటుంది. ఆకు తానిచ్చే పోషణ కంటె, గడ్డిలోనుండి అది రాబట్టే పోషణ విలువైనది. వేరుశనగ చెక్క కొనలేని చిన్న రైతుకు గట్టుమీది చెట్టు ఈ విధంగా దాణా కొట్టు అవుతుంది.

కొన్ని ఆకులు మరొక మార్గంలోనూ పనిచేస్తవి. కుంకుడుకాయ నురుగుకు కారణమైన సాపోనిన్లు కొన్ని చెట్ల ఆకులలోనూ ఉన్నవి. ఇవి రూమెన్‌లోని ప్రోటోజోవాను చంపుతవి. ప్రోటోజోవా బాక్టీరియాను మింగి బతుకుతవి కనుక, అవి తగ్గితే పశువుకు చేరే బాక్టీరియా పెరుగుతుంది. ఆఫ్రికా చెట్ల ఆకులపై 1997లో వెలువడిన పరిశోధనలో, జయంతి జాతి ఆకు మేసిన గొర్రెలలో ప్రోటోజోవా మొదట బాగా తగ్గి, కొద్ది దినాలలోనే మరల పుంజుకొన్నవి. తక్కిన సూక్ష్మజీవులు ఆ సాపోనిన్లను విరగగొట్టడం నేర్చుకొన్నవి. విషమైన మైమోసిన్‌ను లొంగదీసిన శక్తే ఇక్కడ ఉపయోగకరమైన సాపోనిన్‌నూ లొంగదీసింది.

త్రేన్పులో పోయే శక్తి

రూమెన్‌లో పీచు పులిసినప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. అది పోగుపడితే పులియడం ఆగిపోతుంది. ఆర్కియా అనే జాతి సూక్ష్మజీవులు ఆ హైడ్రోజన్‌ను బొగ్గుపులుసు వాయువుతో కలిపి మీథేన్‌గా మార్చి అడ్డు తొలగిస్తవి. ఆ మీథేన్‌ను ఆవు త్రేన్పుల ద్వారా బయటికి వదలుతుంది. దానితో పాటు మేతలోని శక్తిలో రెండు నుండి పన్నెండు శాతం వరకు గాలిలో కలిసిపోతుంది. నాసిరకం గడ్డి మేసే పశువుకు ఈ నష్టం భారమైనది. నూరేళ్ల లెక్కన మీథేన్ భూగోళాన్ని వేడెక్కించే శక్తి బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 28 రెట్లు.

టానిన్లు గల ఆకులు ఈ మీథేన్‌ను కొంతవరకు తగ్గించగలవని అనేక ప్రయోగాలు చూపినవి. బెంగుళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ, టానిన్లు అధికంగా గల వృక్ష పదార్థాలతో హరిత ధార అనే మేత మిశ్రమాన్ని రూపొందించింది. దీనివలన మీథేన్ 17 నుండి 20 శాతం తగ్గుతుందని ఆ సంస్థ ప్రకటించింది. అయితే మోతాదు మీరితే మీథేన్‌తో పాటు పీచు అరుగుదలా తగ్గుతుంది. పాలు తగ్గించి పొందిన మీథేన్ పొదుపు రైతుకు పొదుపు కాదు.

ఎంత, ఎట్లు?

ఈ పరిశోధనలన్నిటి నుండి రైతుకు ఉపకరించే సూత్రాలు కొన్ని తేలినవి. కొత్త ఆకును ఒక్కసారిగా వేయరాదు. గుప్పెడుతో ఆరంభించి రెండు మూడు వారాలలో క్రమంగా పెంచితే కడుపులోని పరివారం దానికి అలవాటు పడుతుంది. సుబాబుల్ ఆకు మొత్తం మేతలో మూడవవంతు మించకుండా చూడాలి. చూలు పశువుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గుర్రాలకు, గాడిదలకు, పందులకు, కోళ్లకు ఇది తగిన మేత కాదు. ఒకే చెట్టు ఆకును మేపడం కంటె నాలుగు రకాలు కలిపి వేయడం మేలు. ఒకదాని దోషాన్ని మరొకటి పలుచన చేస్తుంది. గ్లిరిసిడియా వాసనకు ముఖం తిప్పుకొనే పశువు, ఆకును కొంత వాడనిచ్చి వేస్తే క్రమంగా తింటుంది. ఆకు వయస్సును కూడా గమనించాలి. హిమాలయ గ్రామాలలో చలికాలమంతా పశువులను పోషించే ఓక్ ఆకే, వసంతంలో లేత చిగురుగా ఉన్నప్పుడు అధికంగా తింటే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

గొర్రెల కాపరి మందను ఒకే చెట్టు కింద నిలపక, తుమ్మనుండి రావికి, రావినుండి రేగుకు నడిపించుకొంటూ పోతాడు. అట్లు చేయడానికి కారణం అడిగితే తన తండ్రి అట్లే చేసేవాడని చెబుతాడు. రూమెన్ ద్రవాన్ని పరీక్షనాళికలో పోసి చూచిన శాస్త్రజ్ఞుడు ఆ నడకకు కారణాలను ఇప్పుడిప్పుడే ఒక్కొక్కటిగా లెక్కకడుతున్నాడు. గట్టుమీది చెట్లు కరువైనకొద్దీ కాపరికి ఆ నడక కష్టమవుతున్నది. పొలం గట్టున నాలుగు జాతుల చెట్లు నాటుకొన్న రైతు, తన పశువుకు ఎండాకాలపు మేతతో పాటు ఆ ఎంపికను కూడా తిరిగి ఇచ్చినవాడవుతాడు.